అట్ట మీద ఇంకొకామె పేరు

మీరు చివరిసారి ఒక కథల పుస్తకం కొన్నప్పుడు ఎవరిని కొన్నారు? రాసిన మనిషినా, ఆ మనిషి పేరు పైన అచ్చువేసిన ఇంకొక పెద్ద పేరునా? తొందరపడి జవాబు చెప్పకండి. లేచి మీ అల్మారా దగ్గరికి వెళ్లి అట్టలు చూడండి. అభినవ ఫలానా, అపర ఫలానా, తెలంగాణ ఫలానా, మన కాలపు ఫలానా. అలాంటి ముక్క ఏదీ లేకుండా తన పేరుతో తాను నిలబడిన కొత్త రచయిత మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

నేను వాదోపవాదాల్లో పెరిగినవాణ్ని. హనుమకొండలో ఒక గ్రంథాలయం మేడ మీద ఆదివారం సాయంత్రాలు చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. దేవుడి గురించి, పెళ్లి ముహూర్తాల గురించి, భర్త పోయిన ఆడమనిషి బొట్టు గురించి గొంతులు బొంగురుపోయేదాకా మాట్లాడుకునేవాళ్లం. అక్కడ ఉన్నది ఒకటే నియమం. ఎవరు ఏమన్నా ఎదుటివాడు "ఆధారం?" అని అడగాలి. జాతకాల మీద మేము చేసినంత యుద్ధం ఇంకే విషయం మీదా చేయలేదు. పుట్టిన ఘడియను బట్టి ఈ మనిషి ఇలాంటివాడని చెప్పడం దగా అని ఊరూరా తిరిగి చెప్పాం. అలా చెప్పిన మేమే, పుట్టిన ఇంటిని బట్టి, కట్టుకున్న బట్టను బట్టి, మొక్కే దేవుణ్ని బట్టి ఒక రచయితకు ఇంకొక రచయిత పేరు తగిలిస్తుంటే సభల్లో కూర్చుని చప్పట్లు కొడుతున్నాం. ఇది జాతకం కాకపోతే ఏమిటి?

ఈ కోపం నాకు పుస్తకాలు చదివి రాలేదు. ఒక మనిషి వల్ల వచ్చింది. ఆమె గురించి రాస్తానని అడిగితే, "రాయి అన్నా, కానీ నా పేరు పెట్టకు, దవాఖానల లైన్ల నిలబడ్డోళ్లు నన్ను చూసి నవ్వుతరు" అంది. పేరు గురించే ఇంత గొడవపడుతూ పేరు రాయకపోవడం ఏమిటని మీరు అడగవచ్చు. పేరు ఆమెది. ఇవ్వాలో వద్దో చెప్పేది ఆమె.

ఆమె దవాఖానలో ఓపీ చీటీలు రాస్తుంది. పొద్దుటినుంచి ఒక చిన్న కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్లను పేరు అడిగి, వయసు అడిగి, ఏం బాధో అడిగి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో రాసి పంపిస్తుంది. ఒకసారి నేను తాయెత్తుల మీద ఒక వ్యాసం రాశాను. తాయెత్తు కట్టుకున్నవాడు ఆలోచనను తాకట్టు పెట్టినవాడు అని అందులో ఒక వాక్యం ఉంది. నాకు చాలా నచ్చిన వాక్యం. ఆ వ్యాసం అచ్చయిన పత్రికను చేతిలో గొట్టంలా చుట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. అప్పటికి ఆమె ఎవరో నాకు తెలియదు.

"ఇది రాసింది నువ్వేనా అన్నా?"

"నేనేనమ్మా."

"తాయెత్తు కట్టుకున్నోళ్లు దినాం నా కిటికీ కాడికి వస్తరు. దర్గాకు పోతరు, గుడికి పోతరు, మల్ల నా కాడ చీటీ కూడ రాపిచ్చుకుంటరు. ఆలోచన లేనోడైతే ఎండల లైన్ల ఎందుకు నిలబడ్తడు? భయమున్నోడు రెండు తలుపులు కొడ్తడన్నా. నువ్వు ఒక్క తలుపే చూసి రాసినవ్."

నేను ఆధారాలు చెప్పబోయాను. లోపలినుంచి నా భార్య గొంతు వచ్చింది. "మంచిగ చెప్పినవ్ చెల్లె. నేను చెప్తె ఇనడు. కూసో, ఛాయ్ తాగి పో."

ఆ రోజునుంచి ఆమె మా ఇంటి మనిషి. చెల్లె అని నా భార్య అన్నదే నాకూ అలవాటైంది. కొన్నాళ్లకు కథలు తెచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాస్తుందేమో అనుకున్నాను. కాదు. వాళ్ల అమ్మకు చదివి వినిపిస్తూనే రాస్తుంది. అమ్మకు చదువు రాదు, కానీ కథ వింటూ "ఆమె గట్ల అనది, గిట్ల అంటది" అని పాత్రల మాటలు సరిచేస్తుందట.

వాళ్లు దూదేకుల వాళ్లు. ఇల్లు వరంగల్ కొత్తవాడ అంచున. చుట్టూ జంపఖానాలు నేసే పద్మశాలీల మగ్గాలు, మధ్యలో దూది ఏకే వీళ్ల ఇల్లు. వాళ్ల నాయన భుజాన దూది ఏకే విల్లు వేసుకుని గల్లీ గల్లీ తిరిగి, గట్టిపడిపోయిన పాత పరుపులు విప్పి, దూది మళ్లీ ఏకి, మెత్తగా కుట్టి ఇచ్చేవాడు. పరుపుల షాపులకు కొత్తవీ కుట్టేవాడు. ఇంట్లో రంజాన్ ఉంటుంది, నమాజు ఉంటుంది. మాట మాత్రం తెలుగు. జోల తెలుగు, తిట్టు తెలుగు, తల్లీకూతుళ్లు అలిగితే మానేసే మాట కూడా తెలుగే. ఇలాంటి కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అయినా మనం వాళ్లను చూడగానే ఉర్దూ మొదలుపెడతాం. వాళ్లు తెలుగులో జవాబిస్తే, "మీకు తెలుగు ఎంత బాగా వచ్చు!" అని మెచ్చుకుంటాం. వాళ్ల అమ్మ భాషను వాళ్లకే బహుమతిగా ఇచ్చి వస్తాం.

కథలు చదివాను. ఒక కథలో ఒకావిడ చనిపోయిన తన భర్త పడుకున్న పరుపును మళ్లీ ఏకించాలా, అలాగే ఉంచాలా అని తేల్చుకోలేక దూదేకే మనిషిని వాకిట్లో నిలబెట్టేస్తుంది. కథంతా ఆ వాకిట్లోనే జరుగుతుంది. చివరికి ఆమె పరుపు తెచ్చి ఇస్తుంది, కానీ ఏకుతుంటే చూడలేక పక్కింటికి వెళ్లిపోతుంది. అంతే కథ. నేను వ్యాసాలు రాసేవాణ్ని, తేలిగ్గా కళ్లు చెమర్చేవాణ్ని కాను. ఆ కథ చదివి కాసేపు మా పరుపు మీద కూర్చోలేకపోయాను.

పుస్తకం వేయడానికి నా దగ్గర ఒక ప్రచురణకర్త ఉన్నాడు. మేడ మీద చాపల కాలంనుంచి నాకు తమ్ముడిలాంటివాడు. నా పుస్తకాలన్నీ అతనే వేశాడు. కథలు చదివి ఫోన్ చేశాడు.

"కథలు మస్తున్నయ్ అన్నా. కానీ ఎవలామె?"

"చెప్పిన గద తమ్మీ. దవాఖానల చీటీలు రాస్తది."

"అదే అంటాన్న. ఎవలకు తెలుసు? షాపోడు బుక్కు చేతుల పట్టుకొని 'ఎవల లెక్క రాస్తది' అని అడుగుతడు. ఆమె లెక్కనే రాస్తది అంటే బుక్కు వాపస్ ఇస్తడు."

"నా పుస్తకాలు ఎవల పేరూ తగిలియ్యకుండనే వేసినవ్ కదా?"

"వేసిన. అవి యాడున్నయో తెల్సా? నా మంచం కింద. మంచం కాళ్ల కింద కూడ అవే. ఇప్పుడు మంచం దిగాలంటే మా ఆవిడ స్టూలేసుకుంటాంది."

నవ్వాను. నవ్వక ఏం చేయను? అతని మాటలో బలం లేదని నేను అనలేను. తెలియని పేరు చూసి డబ్బు తీసే పాఠకులు తక్కువ. కొత్త మనిషికి తలుపు తెరవడానికి పాత మనిషి పేరు చెప్పడం లోకంలో ఉన్నదే. మా మేడ మీద కూడా కొత్తగా వచ్చినవాణ్ని ఫలానావాళ్ల తమ్ముడు అనే పరిచయం చేసేవాళ్లం. కానీ ఆ తరువాత అతను నోరు తెరిచి మాట్లాడితే వినేవాళ్లం. పరిచయం అక్కడితో ఆగిపోయేది. పుస్తకం అట్ట మీద ముక్క అలా ఆగదు. రాసినామె బతికినంతకాలం అది ఆమె ముందు నడుస్తుంది.

అట్ట నమూనా చూపించాడు. ఉర్దూలో రాసిన ఒక మహా రచయిత్రి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. దానికి ముందు "వరంగల్" అని ఒక మాట. కింద, పూల తీగ బొమ్మకు పక్కన, చిన్నగా మా చెల్లె పేరు. ఆ మహా రచయిత్రి ఎవరో కూడా ఇక్కడ రాయను. రాస్తే మీరు ఇక ఆమె గురించే ఆలోచిస్తారు.

"ఆధారం?" అన్నాను.

"ఇద్దరు ఆడోళ్లు. ఇద్దరు ముసల్మాన్లు. ఇద్దరు కథలు రాసిండ్రు."

"ఇంకా?"

"ఇంకేం కావాలె?"

"మనిద్దరం మొగోళ్లం. ఇద్దరికీ బట్టతల. నా పుస్తకం మీద నీ పేరు వెయ్యి."

"నీ లొల్లి నీదే" అని నవ్వాడు. కానీ తగ్గలేదు. చివరికి ఆమెనే అడిగాం. ఆమె అట్టను చాలాసేపు చూసింది. "బుక్కు రానీ అన్నా. పైన ఒక్క ముక్క ఉంటే ఏం పోతది? లోపల కథలు నావే కదా" అంది. ఆమె ఒప్పుకున్నాక నేను వాదించడానికి ఏముంది?

పుస్తకాలు వచ్చిన సాయంత్రం మొదటి కట్టను స్కూటర్ మీద పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుంది. వాసన చూసింది. అట్ట మీద వేలు పెట్టి నన్ను అడిగింది.

"గీ పెద్దయి ఏం అచ్చరాలు కొడుకా?"

చదివాను.

"ఆమె ఎవలు?"

"పెద్ద రచయిత్రి పెద్దమ్మా. ఉర్దూల రాసింది. ఇప్పుడు లేదు."

"పాపం. మరి నా బిడ్డ పేరేది?"

ఆమె వేలు పట్టుకుని కిందికి జరిపి చూపించాను. ఆమె పుస్తకాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. తరువాత కూతురి వైపు తిరిగింది.

"ఆమెకు రాసిచ్చినవా బిడ్డా? మీ నాయన ఏకిన దూది, మీ నాయన కుట్టిన పరుపు, షాపోడు వాని పేరు చీటీ కుట్టుకొని అమ్ముకునేటోడు. నీదీ గట్లనేనా?"

"కాదమ్మా, నాదే" అంది ఆమె. అని లోపలికి వెళ్లిపోయింది. తల్లి చిక్కుడుకాయల గిన్నెను ఒళ్లో పెట్టుకుని, తుంచకుండా అలాగే కూర్చుంది. ఆ అమ్మ ఎవరినీ ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది. కూతురు రాసిన దాన్ని ఇంకెవరో తీసుకున్నారేమోనని ఆమెకు దిగులు.

నేను బయలుదేరుతుంటే చెల్లె గేటు దాకా వచ్చింది.

"అన్నా, ఓపీ కిటికీ మీద ఒకటి పెద్దది రాస్తాన్న అని చెప్పిన కదా."

"అవును, సగమైంది అన్నవ్."

"ఇగ రాయ."

"ఎందుకు?"

"రాసుడు మంచిగనే ఉంటది. కానీ రాసినంక అమ్మకు ఎవల పేరు సదివి చూపెట్టాలె?"

ఆ మాట తరువాత నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఒక మనిషి రాయడం మానేస్తానంటోంది. కథ బాగాలేదని ఎవరూ అనలేదు, నిజానికి అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలు ఆమెను చేరడం లేదు, ఆమె పక్కనుంచి ఇంకెవరికో పోతోంది. దీనికి ఏ వాదం పనికొస్తుందో నాకు తెలియలేదు.

ఆవిష్కరణ సభ పెట్టుకున్నాం. అమ్మ రానంది. "ఆమె సభకు నేనెందుకు?" అంది. ఆమెది కాదు పెద్దమ్మా, నీ బిడ్డదే అని నేనూ నా భార్యా పోయి బతిమాలి, ఆటోలో ఎక్కించి తెచ్చాం. ముందు వరుసలో కూర్చోబెట్టాం.

మన ఆవిష్కరణ సభలు మీకు తెలియనివి కావు. వేదిక మీద ఎంతమంది పడితే అన్ని కుర్చీలు, అందరికీ శాలువాలు, మధ్యలో రాసిన మనిషి పెళ్లికూతురులా తలవంచుకుని. మొదట మాట్లాడినాయన రిటైరైన లెక్చరర్. ఆ మహా రచయిత్రి మీద చాలా చదువుకున్నాడు. అదంతా చెప్పాడు. ఆమె ఏ ఊళ్లో పుట్టింది, ఎవరితో గొడవపడింది, ఏం తాగేది, ఎలా నవ్వేది. చక్కగా చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చెప్పి చెప్పి, "అటువంటి మహా రచయిత్రి మన వరంగల్‌లో మళ్లీ పుట్టింది" అని ముగించాడు. పునర్జన్మ లేదని నాతోపాటు మేడ మీద వాదించినవాళ్లలో ఆయనా ఒకడు.

రెండో ఆయనకు ఉర్దూ షాయరీలంటే ప్రాణం. రెండు చదివి, గొంతు సవరించుకుని, మా చెల్లె వైపు తిరిగాడు. "అమ్మా, ఇంతమంది మీ కోసం వచ్చారు. మీ నోట ఒక్క షాయరీ వినాలని సభ కోరుకుంటోంది."

ఆమె నిలబడింది. "నాకు ఉర్దూ రాదు సార్. ఇంట్ల తెలుగే."

"చూశారా వినయం!" అన్నాడాయన మైకులో. జనం చప్పట్లు కొట్టారు.

ముందు వరుసలోంచి అమ్మ గట్టిగా అంది. "ఇనయం కాదు సారూ. దానికి రాదు. నాకూ రాదు. వాళ్ల నాయనకూ రాకుండె."

హాలంతా నవ్వింది. చెల్లె కూర్చుని, ముందున్న నీళ్ల బాటిల్ మీద కాగితాన్ని గోటితో గీకుతూ ఉండిపోయింది. ఇంతసేపట్లో ఆ పుస్తకంలోంచి ఒక్క వాక్యం ఎవరూ చదవలేదు.

నా వంతు వచ్చింది. పోలికల మీద మంచి పదునైన ఉపన్యాసం రాసుకుని తెచ్చాను. జేబులో ఉంది. కానీ అది చదివితే నేనూ పోలిక గురించే మాట్లాడినవాణ్ని అవుతాను, పుస్తకం మళ్లీ మూసే ఉంటుంది. కాబట్టి పుస్తకం తెరిచాను. వాళ్ల నాయన మీద రాసిన కథ ఒకటి ఉంది, అది తీశాను. మిగతా కథలు అమ్మకు చదివి వినిపించిందని తెలుసు. ఈ ఒక్కటి వినిపించలేదని నాకు తెలియదు.

అదొక కూతురు చెప్పుకునే కథ. చదువుతూ పోయాను. "మా గల్లీల దూది ఏకే మిషిన్ వచ్చినంక నాయనను పిలిచేటోళ్లు తగ్గిండ్రు. ఒకనాడు పొద్దున ఆయన విల్లును తుడిచి, దాని నరం వదులు జేసి, గోడకు మొల కొట్టి తగిలేసిండు. తగిలేసి దాని కిందనే కూసున్నడు. మీసాలల్ల దూది ఉన్నది. కండ్లల్ల నీళ్లున్నయి."

"అబద్ధం!"

తలెత్తి చూశాను. అమ్మ లేచి నిలబడింది.

"ఆయన ఏడువలే. నేను ఆడనే ఉన్న. 'ఇగ నా దగ్గు పోతది, పీడ పోయింది' అని నవ్విండు. నవ్వి ఛాయ్ అడిగిండు. మంది ముందట గట్ల లేంది రాస్తవా బిడ్డా?"

షాయరీల ఆయన మైకు అందుకోబోయాడు, నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చెల్లె వేదిక మీదనుంచే, మైకు లేకుండా, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నువ్వు ఛాయ్ పెట్టనీకి లోపలికి పోయినవ్ అమ్మా."

"పోతె?"

"నువ్వు పోయినంక ఏడ్సిండు. నేను తలుపు కాడ ఉన్న. నువ్వు ఛాయ్ పట్టుకొని రాంగనే మొఖం తుడుసుకున్నడు."

అమ్మ వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోకుండానే కూర్చుంది. పక్కనున్న నా భార్య ఆమె భుజం పట్టుకుంది.

"నాకు చెప్పలే" అంది అమ్మ. "ఒక్కనాడన్న చెప్పలే నాకు."

"నీకు ఫికరైతదని చెప్పలే."

"మరి నీకెట్ల చెప్పిండు?"

"నాకూ చెప్పలే. నేను చూసిన, గంతే."

"చూసి ఇన్ని దినాలు కడుపుల పెట్టుకున్నవా?"

"అందుకే రాసిన అమ్మా."

ఆమె వేదిక దిగి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తల్లి ఆమె చేతిని తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూసి, "సదువు కొడుకా. మల్ల ఏమైంది ఆయనకు?" అంది. తన భర్తకు ఏమైందో ఆమెకు తెలియదా? తెలుసు. కూతురు చూసినట్టు తెలియదు. నేను మిగతా కథ చదివాను.

వందన సమర్పణ ఎవరూ చేయలేదు. జనం లేచి ముందు వరుస దగ్గరికి వచ్చారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒకావిడ, వాళ్లింటికి రెండు గల్లీల అవతల ఉంటుందట, అమ్మ ముందు కింద కూర్చుని చెప్పింది. "మా మామ మగ్గం ఊడదీసిననాడు గూడ గిట్లనే నవ్విండు పెద్దమ్మా. మేము నిజంగనే నవ్విండనుకున్నం. ఇప్పుడు నాకు డౌటొస్తాంది." అని పుస్తకం తీసుకుని, అట్ట చూడకుండానే, ఆ కథ ఏ పేజీలో ఉందో చూపించమంది.

అది కూడా పోలికే. కథలోని మనిషిని ఆమె తన మామతో పోల్చింది. కానీ ఆ పోలికకు ఆధారం ఉంది. ఆ ముసలాయన నవ్వును ఆమె కళ్లతో చూసింది, ఈ కథ విన్నాక దాన్ని మళ్లీ చూస్తోంది. మంచి కథ చేయగల పని అదే. ఒక పుస్తకాన్ని ఇంకొక పుస్తకం పక్కన పెడితే ఆ పని జరగదు, మన బతుకు పక్కన పెట్టినప్పుడే జరుగుతుంది. వేదిక మీద కూర్చున్న మేమంతా ఆ హాల్లో లేని ఒక మనిషిని పొగుడుతుంటే, కింద కూర్చున్నావిడ పుస్తకాన్ని చదివేసింది.

ప్రచురణకర్త తమ్ముడు సభలో వెనక బల్ల దగ్గర నిలబడి అంతా చూశాడు. కొన్ని రోజులకు తనే వాళ్లింటికి వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని మొహమాటంగా మొదలుపెట్టాడు.

"రెండోది రాస్తానవంట కదమ్మా. నేనే వేస్త."

చెల్లె తల్లి వైపు చూసింది. తల్లి ఆలోచించకుండా చెప్పింది.

"నా బిడ్డ పేరు పెద్దగ రావాలె. ఆమె పేరు ఆమె బుక్కు మీద ఉండనీ. మంది సామాను మాకెందుకు?"

"అట్లనే పెద్దమ్మా. మరి అమ్ముడుపోకపోతే?"

"పోకపోతె పోకపాయె. ఎవలన్న అడిగితె మాదే అని చెప్తం కదా."

అతను తల గోక్కున్నాడు. నా వైపు చూసి, "అన్నా, నువ్వు మాట్లాడకు" అన్నాడు. నేను ఏమీ మాట్లాడనేలేదు. అంతలోనే, "మరి పేరు కింద ఏం వెయ్యాలె? ఖాళీగ బాగుండది" అన్నాడు. ఆమె రాసినదాంట్లోంచే ఒక వాక్యం వేద్దామన్నాను. ఏ వాక్యం అన్నదాని మీద ఆ తల్లీకూతుళ్లు ఇంకా కొట్లాడుకుంటున్నారు. ఓపీ కిటికీ కథ మళ్లీ నడుస్తోంది. మొన్న దవాఖాన నుంచి వస్తూ మా ఇంట్లో ఆగి రెండు పేజీలు చదివి వినిపించి పోయింది.

మొదటి పుస్తకం బాగా అమ్ముడుపోయిందా అని అడగకండి. కొంచెం పోయింది, కొంచెం ఉంది. ఈ మధ్య ఆమె ఆ మహా రచయిత్రి కథల తెలుగు అనువాదాన్ని గ్రంథాలయంలో తీసుకుని చదివింది. "మస్తు రాసింది అన్నా ఆమె" అంది. "నా లెక్క అస్సలు లేదు." ఆ గొప్ప రచయిత్రికి మన ఊళ్లో దక్కిన నిజమైన మర్యాద అదేననుకుంటాను. ఆమెను ముద్రగా వాడుకున్నవాళ్లం మేము, ఆమె కథలను కూర్చుని చదివింది మా చెల్లె ఒక్కతే.

ఇంత చెప్పింది మీతో ఒక పని చేయించడానికి. ఈ వారంలోనే మీ ఊరి పుస్తకాల షాపుకు వెళ్లండి. మీరు ఎన్నడూ వినని పేరు ఉన్న ఒక పుస్తకం తీయండి. అట్ట మీద ఇంకెవరి పేరైనా ఉంటే దాన్ని అరచేత్తో మూయండి. మధ్యలో ఎక్కడో తెరిచి, అక్కడే నిలబడి ఒక పేజీ చదవండి. బాగుంటే కొనండి, బాగాలేకపోతే పెట్టేయండి, అది మీ ఇష్టం. కొన్నాక మాత్రం దాన్ని ఇంటికి తీసుకుపోయి చదివి, మీకు తెలిసిన ఒక్క మనిషికి చెప్పండి. ఎవరిలాగా ఉందో చెప్పకండి. అందులో ఏముందో చెప్పండి, అది రాసిన మనిషి పేరు గట్టిగా పలికి చెప్పండి.